నెట్ పోయిందని ఫార్మాట్ కొట్టకండి: 169.254 ఐపీ, 1068 ఎర్రర్ కనిపిస్తే ఏం చేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆన్‌లైన్ సెంటర్లో విండోస్ 10 డెస్క్‌టాప్ ఉంది. కరెంటు పోయి వచ్చాక యాంటీవైరస్ కొన్ని ఫైళ్లకు వైరస్ సోకిందని చెప్పి వాటిని తీసేసింది, రీస్టార్ట్ చేయమంది. అప్పటి నుంచి నెట్ లేదు. కేబుల్ పెట్టినా వైఫై పెట్టినా కనెక్ట్ అయినట్టే ఉంటుంది కానీ ఐపీ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కు ఉండే నంబరు) 169.254తో మొదలవుతోంది. డీహెచ్‌సీపీ క్లయింట్ సర్వీసు స్టార్ట్ చేయబోతే 1068 ఎర్రర్. అదే వైఫై మీద ఫోన్లు బాగానే నడుస్తున్నాయి. రిపేరు షాపతను ఫార్మాట్ తప్ప దారి లేదంటున్నాడు. లోపల ట్యాలీ డేటా, వేలిముద్ర మిషన్ సాఫ్ట్‌వేర్, డిజిటల్ సిగ్నేచర్ సెటప్ ఉన్నాయి. అందుకే మీకు టెన్షన్.

ఫార్మాట్ అక్కర్లేదు, కనీసం ఇప్పుడైతే అక్కర్లేదు. మీ రౌటర్, కేబుల్, నెట్ కనెక్షన్ వాటిల్లో ఏ తప్పూ లేదు. విండోస్ లోపల నెట్‌వర్క్‌ను నడిపే ఫైలో, ఆ ఫైలును విండోస్‌కు చూపించే రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు రాసుకునే పుస్తకం) ఎంట్రీయో దెబ్బతింది. డేటాను కదపకుండా, నెట్ లేకుండానే దీన్ని బాగుచేయొచ్చు. కావాల్సినవి ఒక పెన్‌డ్రైవ్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్, ఒక పూట ఓపిక.

అయితే దేనికైనా ముందు ట్యాలీ డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. నెట్ లేదంతే, కంప్యూటర్ నడుస్తోంది కదా, ఆ అవకాశం వాడుకోండి. డిజిటల్ సిగ్నేచర్ గురించి భయం వద్దు. అది మీ యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది, కంప్యూటర్లో ఉండేది దాని డ్రైవర్ మాత్రమే.

రెండో పని, యాంటీవైరస్ క్వారంటైన్ జాబితా (అది పట్టి పక్కన పెట్టిన ఫైళ్లు) తెరిచి అందులోని ఫైళ్ల పేర్లు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. రిస్టోర్ మాత్రం నొక్కకండి. ఆ ఫైలుకు నిజంగానే వైరస్ పట్టి ఉండొచ్చు. లేదా యాంటీవైరసే పొరపాటు పడి ఉండొచ్చు. అలా పడ్డ సందర్భాలున్నాయి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ ఇచ్చిన 5958 నంబరు అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 కంప్యూటర్లలో విండోస్ సర్వీసులను నడిపే అసలైన ఎస్‌వీసీహోస్ట్ ఫైలునే వైరస్ అనుకుని పట్టేసింది. అవి పదేపదే రీస్టార్ట్ అవడం, నెట్‌వర్క్ పోవడం ప్రపంచమంతా చూసింది. మీ విషయంలో ఏది జరిగినా, విండోస్ దగ్గరుండే శుభ్రమైన కాపీని తెచ్చుకోవడమే మేలు. పేర్లు ఎందుకంటే, ఆ జాబితాలో ఏఎఫ్‌డి, టీసీపీఐపీ, నెట్‌బీటీ, ఎన్‌ఎస్‌ఐప్రాక్సీ లాంటి నెట్‌వర్క్ డ్రైవర్ల పేర్లు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ఇప్పుడు లోపల అసలు ఏం జరుగుతోందో చూద్దాం. ఇది తెలిస్తే సగం పనులు చేయక్కర్లేదు.

కంప్యూటర్ రౌటర్‌ను "నాకో ఐపీ ఇవ్వు" అని అడుగుతుంది. జవాబు రాకపోతే 169.254 వరుసలో తనకు తానే ఒక నంబరు పెట్టుకుంటుంది. మామూలుగా ఇది కనిపిస్తే రౌటర్‌ను అనుమానిస్తాం. మీ దగ్గర ఆ అడిగే సర్వీసే లేవడం లేదు. ఆ సర్వీసే డీహెచ్‌సీపీ క్లయింట్. 1068 అంటే "నేను ఆధారపడ్డ ఇంకో సర్వీసు మొదలవలేదు" అని. అంటే డీహెచ్‌సీపీ క్లయింట్‌ది తప్పు కాదు, దాన్ని ఎన్నిసార్లు స్టార్ట్ కొట్టినా లాభం లేదు. విండోస్ 10లో అది రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి ఎన్‌ఎస్‌ఐ అనే సర్వీసు, రెండోది ఏఎఫ్‌డి అనే డ్రైవర్. ఎన్‌ఎస్‌ఐకి మళ్లీ ఎన్‌ఎస్‌ఐప్రాక్సీ అనే డ్రైవర్ కావాలి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సర్వీసెస్ విండో తెరిచి పై నుంచి కింద దాకా వెతుకుతారు, ఏఎఫ్‌డి కనిపించదు. అది కెర్నల్ డ్రైవర్, అంటే విండోస్ లోపలి పొరలో నడిచేది కాబట్టి ఆ జాబితాలో రాదు. దాన్ని కమాండ్ ప్రాంప్ట్‌లోనే అడగాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇవి ఒక్కొక్కటిగా కొట్టండి (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయండి):

"ఎస్‌సి క్వెరీ ఏఎఫ్‌డి"
"ఎస్‌సి క్వెరీ ఎన్‌ఎస్‌ఐప్రాక్సీ"
"ఎస్‌సి క్వెరీ ఎన్‌ఎస్‌ఐ"

ప్రతిదానికీ స్టేట్ అనే వరుసలో 4, రన్నింగ్ అని రావాలి. 1, స్టాప్డ్ అని వచ్చినదే మీ దోషి. ఇప్పుడు దాన్ని "నెట్ స్టార్ట్ ఏఎఫ్‌డి" అని లేపండి. అది లేవదు, కానీ ఈసారి అసలు నంబరు చెబుతుంది. నాకు కావాల్సింది ఆ నంబరే, 1068 కాదు.

2 వస్తే ఫైలు లేదు. యాంటీవైరస్ తీసేసింది అదే. 577 వస్తే ఫైలు ఉంది కానీ దాని డిజిటల్ సంతకం సరిపోవడం లేదు, అంటే లోపల మారిపోయింది లేదా పాడైంది. 1058 అంటే ఎవరో డిజేబుల్ చేశారు. 1060 మాత్రం పై క్వెరీ దగ్గరే వస్తుంది, అసలు అలాంటి సర్వీసే ఇన్‌స్టాల్ అయి లేదంటోంది, అంటే ఫైలు ఉన్నా రిజిస్ట్రీలో ఎంట్రీ పోయింది. డీహెచ్‌సీపీ క్లయింట్ దగ్గరే 5 వస్తే అది అనుమతుల సమస్య, ఆ సర్వీసుకు తన రిజిస్ట్రీ కీ చదివే హక్కు పోయింది.

2, 577 అయితే సిస్టమ్ ఫైల్ చెకర్ పని. 1060, 5 అయితే సిస్టమ్ ఫైల్ చెకర్ వంద సార్లు నడిపినా పనికిరాదు, ఎందుకంటే అది చూసేది ఫైళ్లనే తప్ప సర్వీసుల రిజిస్ట్రీ ఎంట్రీలను కాదు. "స్కాన్ చేశాను, అంతా బాగుందంది, అయినా నెట్ రాలేదు" అని నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే. స్కాన్ అబద్ధం చెప్పలేదు, దాని పరిధి అంతే. 2011 నుంచి 2013 దాకా జీరోయాక్సెస్ అనే రూట్‌కిట్ (విండోస్ లోపల దాక్కునే రకం వైరస్) తిరిగిన రోజుల్లో ఇలాంటి కేసులు తెగ వచ్చేవి. అది డ్రైవర్ ఫైళ్లను పాడుచేయడమే కాక ఫైర్‌వాల్, బేస్ ఫిల్టరింగ్ ఇంజిన్ లాంటి సర్వీసుల ఎంట్రీలనూ తుడిచేసేది. వైరస్ పోయేది, నెట్ కూడా దానితోనే పోయేది.

మొదట సిస్టమ్ రిస్టోర్ ప్రయత్నించండి. ఆ కరెంటు పోయిన రోజుకు ముందు తేదీతో రిస్టోర్ పాయింట్ ఏదైనా ఉంటే, సిస్టమ్ ఫైళ్లూ రిజిస్ట్రీ ఎంట్రీలూ రెండూ వెనక్కి వస్తాయి. మీ డాక్యుమెంట్లను అది ముట్టుకోదు. రన్‌లో "ఆర్‌స్ట్రూయి" (ఆర్, ఎస్, టీ, ఆర్, యూ, ఐ) కొడితే తెరుచుకుంటుంది. చాలా కంప్యూటర్లలో ఈ రక్షణ ఆఫ్‌లో ఉంటుంది, పాయింట్లే ఉండవు. ఉంటే అదృష్టం, లేకపోతే ముందుకు వెళ్లండి.

తర్వాత "ఎస్‌ఎఫ్‌సి /స్కాన్‌నౌ". పైన చెప్పిన సిస్టమ్ ఫైల్ చెకర్ ఇదే. దీనికి నెట్ అక్కర్లేదు. విండోస్ ఫోల్డర్‌లో విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే గోదాములో దాచిన శుభ్రమైన కాపీలతో పోల్చి, తేడా ఉన్నదాన్ని మారుస్తుంది. బాగుచేశానంటే రీస్టార్ట్ చేసి, పైన చెప్పిన మూడు క్వెరీలు మళ్లీ కొట్టి చూడండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా అనుభవం.

కరెంటు కోతల తర్వాత వచ్చే కేసుల్లో ఒక చిత్రం కనిపిస్తుంది. డ్రైవర్స్ ఫోల్డర్‌లో ఫైలు ఉంటుంది, పేరు సరిగ్గా ఉంటుంది, సైజు కూడా సరిగ్గానే ఉంటుంది. ఫైలు లోపలి సరుకును నంబర్లుగా చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి నుంచి చివరి దాకా సున్నాలే. విండోస్ డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్, దాని జర్నల్ కాపాడేది ఫైలు పేరు, సైజు, చోటు లాంటి లెక్కలను. లోపలి సరుకుకు అది హామీ ఇవ్వదు. అప్‌డేట్ రాస్తుండగా కరెంటు పోతే ఇలా మిగులుతుంది. కాబట్టి "ఫైలు ఉందిగా" అని ఎవరైనా అంటే వదిలేయకండి.

పాడైన ఫైళ్లు దొరికాయి కానీ కొన్నింటిని బాగుచేయలేకపోయానని ఎస్‌ఎఫ్‌సి చెబితే, గోదాములోని కాపీ కూడా చెడిందన్న మాట. అప్పుడు ఆ గోదామును బాగుచేసే విండోస్ సొంత కమాండ్ డిస్మ్ (డీ, ఐ, ఎస్, ఎం) కావాలి. మామూలుగా డిస్మ్ మంచి కాపీలను విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంటుంది, మీకు నెట్ లేదు. అందుకని ఐఎస్ఓ ఫైలు, అంటే విండోస్ ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా ఉన్నది, ఇవ్వాలి.

ఐఎస్ఓను ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ సొంత సైట్ నుంచే దించుకోండి. విండోస్ కంప్యూటర్ నుంచి ఆ పేజీ తెరిస్తే మీడియా క్రియేషన్ టూల్ అంటగడుతుంది, ఫోన్ నుంచి తెరిస్తే నేరుగా ఐఎస్ఓ లింకు ఇస్తుంది. 32 బిట్టా 64 బిట్టా అన్నది మీ కంప్యూటర్‌ను బట్టి ఎంచుకోండి. తర్వాత యూఎస్‌బీ కేబుల్‌తో ఫోన్ నుంచి కంప్యూటర్లోకి కాపీ చేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ వాడితే అది ఎఫ్ఏటీ32లో ఉండకూడదు. 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు, ఫైలు మరీ పెద్దది అంటుంది, మీరేమో 16 జీబీ డ్రైవ్ ఖాళీగా ఉంది కదా అని తల పట్టుకుంటారు. ట్యాలీ కాపీ ఉన్నది కాకుండా వేరే పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫాట్‌లో ఫార్మాట్ చేసి వాడండి.

ఐఎస్ఓ మీద డబుల్ క్లిక్ చేస్తే ఒక కొత్త డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. అది ఈ డ్రైవ్ అనుకుంటే కమాండ్ ఇది:

"డిస్మ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్ /సోర్స్:విమ్:ఈ:\సోర్సెస్\ఇన్‌స్టాల్.విమ్:1 /లిమిట్‌యాక్సెస్"

చివర ఉన్న 1 మీ ఎడిషన్‌ను బట్టి మారుతుంది. ఒకే విమ్ ఫైలులో హోమ్, హోమ్ సింగిల్ లాంగ్వేజ్, ప్రో అన్నీ ఉంటాయి. "డిస్మ్ /గెట్-విమ్‌ఇన్ఫో /విమ్‌ఫైల్:" అని రాసి ఆ ఫైలు దారి ఇస్తే ఏ నంబరు ఏ ఎడిషనో చూపిస్తుంది. మన దగ్గర అమ్మే కంప్యూటర్లలో హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎక్కువ, దాన్ని మామూలు హోమ్ అనుకుని పొరబడతారు. డిస్మ్ పూర్తయ్యాక ఎస్‌ఎఫ్‌సి మళ్లీ నడపాలి. డిస్మ్ బాగుచేసేది గోదామును, అక్కడి నుంచి సరుకు చేరాల్సిన చోటికి చేర్చేది ఎస్‌ఎఫ్‌సి.

0ఎక్స్800ఎఫ్081ఎఫ్ అనే ఎర్రర్ వస్తే సోర్స్ ఫైళ్లు దొరకలేదని అర్థం. ఎడిషన్ నంబరు తప్పయి ఉండొచ్చు, లేదా మీ విండోస్ ఐఎస్ఓ కన్నా కొత్త అప్‌డేట్ల మీద ఉండి ఆ ఫైళ్లు అందులో లేకపోవచ్చు. దానితో కుస్తీ పట్టొద్దు, కింద చెప్పే రిపేర్ ఇన్‌స్టాల్‌కు వెళ్లిపోండి. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని కాస్త మొహమాటం లేకుండా చెబుతాను. అసెంబుల్డ్ కంప్యూటర్లలో షాపువాళ్లు వేసే "లైట్" విండోస్‌లో స్పీడు కోసం ఆ గోదామును కోసేసి ఉంటారు. అలాంటి దానికి డిస్మ్ ఎప్పటికీ పనిచేయదు. వరంగల్ దగ్గర ఒక రైస్ మిల్లు ఆఫీసు కంప్యూటర్లో నేను అచ్చం ఇదే చూశాను, విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ సైజు చూడగానే తెలిసిపోయింది. మీది అలాంటిదైతే షాపతను చెప్పిన ఫార్మాటే శరణ్యం, కాకపోతే అసలైన ఐఎస్ఓతో.

మూడు సర్వీసులూ రన్నింగ్ అని చూపిస్తూ కూడా నెట్ రాకపోతే అప్పుడు విన్‌సాక్ (ప్రోగ్రాములు నెట్‌ను చేరే దారి) వైపు చూడాలి. యాంటీవైరస్‌లు, వీపీఎన్‌లు, యాడ్‌వేర్ నెట్‌వర్క్ దారి మధ్యలో తమ గొలుసు లింకు ఒకటి తగిలిస్తాయి. ఫైలు పోయి లింకు మిగిలితే దారి అక్కడే తెగుతుంది. "నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్", "నెట్‌ఎస్‌హెచ్ ఐఎన్‌టీ ఐపీ రీసెట్" కొట్టి రీస్టార్ట్ చేయండి. రెండో కమాండ్‌లో ఒక వరుసలో యాక్సెస్ డినైడ్ అని రావడం మామూలే, కంగారు పడకండి. కానీ ముందు "ఐపీకాన్ఫిగ్ /ఆల్" స్క్రీన్‌ను ఫొటో తీయండి. మీ కేబుల్ ఆపరేటర్ స్టాటిక్ ఐపీ ఇచ్చి ఉంటే ఈ రీసెట్ దాన్ని తుడిచేస్తుంది. తర్వాత ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే ఆ నంబరు చెప్పేవాడు దొరకడం వేరే కథ.

చాలా వీడియోల్లో ఈ రీసెట్‌నే మొదటి మందుగా చూపిస్తారు. ఏఎఫ్‌డి చచ్చిపడి ఉన్నప్పుడు విన్‌సాక్ రీసెట్ చేసి ప్రయోజనం లేదు. అందుకే క్వెరీలు ముందు పెట్టాను.

యాంటీవైరస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కూడా చూడండి. కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేస్తే దాని నెట్‌వర్క్ ఫిల్టర్ ఒక్కోసారి మిగిలిపోతుంది. ప్రతి కంపెనీ తన సైట్‌లో విడిగా రిమూవల్ టూల్ ఇస్తుంది, అది ఫోన్‌లో దించి వాడండి. పింగ్ వెళ్తూ బ్రౌజర్ మాత్రం తెరవకపోతే ప్రాక్సీ సెట్టింగ్ చూడండి. అక్కడ 127.0.0.1 అని ఉంటే ఏదో సాఫ్ట్‌వేర్ వదిలేసిన అవశేషం, ఆఫ్ చేస్తే చాలు.

ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌లో (ఫోన్ నెట్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు ఇవ్వడం) పెట్టి పరీక్షించడం కూడా మంచి ఉపాయం. అది విండోస్‌కు కొత్త నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది. దానిలో నెట్ వస్తే మీ కార్డు డ్రైవర్ పాడైందన్న మాట, డివైస్ మేనేజర్‌లో కోడ్ 39 లాంటిది కనిపిస్తుంది, ఒక్క డ్రైవర్ వేస్తే అయిపోతుంది. రాకపోతే పాడైంది అన్నిటికీ ఉమ్మడి పొర. మీ లక్షణాలను బట్టి రాదనే అనుకుంటున్నా.

ఇవేవీ పనిచేయకపోతే, లేదా మీకు వచ్చిన నంబరు 1060 అయితే, రిపేర్ ఇన్‌స్టాల్. ఇది ఫార్మాట్ కాదు. విండోస్ నడుస్తుండగానే ఐఎస్ఓ తెరిచి సెటప్ నడపాలి. అప్‌డేట్లు దించమంటే ఇప్పుడొద్దు అనండి. ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచుకునే ఆప్షన్ ఎంచుకోండి. సిస్టమ్ ఫైళ్లు, సర్వీసుల ఎంట్రీలు అన్నీ కొత్తగా పడతాయి, ట్యాలీ, టోకెన్ డ్రైవర్, వేలిముద్ర మిషన్ ఆర్‌డీ సర్వీస్ సాధారణంగా అలాగే ఉంటాయి. సి డ్రైవ్‌లో 20 జీబీ దాకా ఖాళీ ఉంచండి.

యాప్‌లు ఉంచుకునే ఆప్షన్ మసకబారి ఉంటే అక్కడే ఆగిపోండి, ముందుకు నొక్కకండి. చాలావరకు ఐఎస్ఓ భాషో ఎడిషనో సరిపోలేదన్న మాట. "డిస్మ్ /ఆన్‌లైన్ /గెట్-ఇంటల్" (చివరిది ఐ, ఎన్, టీ, ఎల్) కొడితే మీ విండోస్ భాష తెలుస్తుంది. ఈఎన్-యూఎస్ అయితే ఇంగ్లీష్ యునైటెడ్ స్టేట్స్ ఐఎస్ఓ, ఈఎన్-జీబీ అయితే ఇంగ్లీష్ ఇంటర్నేషనల్ ఐఎస్ఓ. రెండూ ఇంగ్లీషే కదా అని ఏదో ఒకటి దించితే ఇక్కడ తన్నేస్తుంది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి పనిలో పనిగా 11కు వెళ్దామా అని అడగొచ్చు. మీ కంప్యూటర్‌కు అర్హత ఉంటే వెళ్లండి, కానీ ముందు 10ను బాగుచేసి, కొన్నాళ్లు నడిచాక. విరిగిన దాని మీద అప్‌గ్రేడ్ వేస్తే ఏ సమస్య ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చలేం.

చేయకూడనివి రెండే. "డీఎల్ఎల్ ఫైల్ ఫ్రీ డౌన్‌లోడ్" సైట్ల నుంచి ఏదీ దించకండి. పక్క షాపు కంప్యూటర్ నుంచి ఏఎఫ్‌డి ఫైలు కాపీ చేసి తెచ్చి పెట్టకండి. బిల్డ్ తేడా ఉంటే బూట్ కూడా కాకపోవచ్చు, అప్పుడు ఇప్పుడున్న సుఖం కూడా పోతుంది.

నెట్ వచ్చాక కూడా పని మిగిలే ఉంది. ఆ ఫైళ్లు ఎందుకు పాడయ్యాయి? ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో చూడండి. కెర్నల్-పవర్ 41 వరసగా ఉంటే కరెంటు కోతలు, లేదా మీ ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై). కొత్త యూపీఎస్ బ్యాటరీ వేయించండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ 55 ఉంటే ఫైల్ సిస్టమే చెడింది, "సీహెచ్‌కేడీఎస్‌కే సి: /ఎఫ్" కొట్టి రీస్టార్ట్ చేయండి. ఏ కారణమూ కనిపించకుండా ఫైళ్లు పాడవుతుంటే ర్యామ్‌ను అనుమానించి, విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడపండి.

అన్నిటికన్నా చూడాల్సింది డిస్క్ 7, అంటే బ్యాడ్ బ్లాక్. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో సాఫ్ట్‌వేర్ పెట్టి 05, సీ5 వరుసల (డిస్క్‌లో చెడిన చోట్ల లెక్కలు) రా వాల్యూలు చూడండి. రెండూ సున్నా ఉండాలి. సీ5 పెరుగుతూ పోతుంటే హార్డ్ డిస్క్ చావడానికి సిద్ధంగా ఉంది, పైన చెప్పిన రిపేర్లేవీ నిలవవు. ఒక క్లినిక్ కంప్యూటర్‌కు ఇలాగే ప్రతి కొన్ని వారాలకూ ఏదో ఒక సర్వీసు పోయేది. ప్రతిసారీ ఒకరు వచ్చి ఎస్‌ఎఫ్‌సి నడిపి డబ్బులు తీసుకుని వెళ్లేవారు. డిస్క్ లెక్కలు ఎవరూ చూడలేదు.

మీ దగ్గర ఆ పరిస్థితే ఉంటే పాత డిస్క్ మీద ఎక్కువసేపు స్కాన్లు, చెక్‌డిస్క్‌లు నడపకండి. డేటా తీసుకుని, ఒక ఎస్ఎస్‌డీ కొని దాని మీద తాజాగా విండోస్ వేయించండి. పాత డిస్క్‌ను షాపులో ఎక్స్ఛేంజ్‌కు ఇవ్వకుండా మీ దగ్గరే పెట్టుకోండి, ట్యాలీలో కంపెనీలన్నీ తెరుచుకుని పోయిన ఏడాది బిల్లుల దాకా సరిచూసుకునే వరకు.